మన స్వరపేటిక

చూపుడువ్రేలిని గొంతు ముందున్న గుబ్బపై మోపి, సకారమును దీర్ఘముగ ఊది చూడుడు, వ్రేలికేమియు తెలియదు. పిదప "ఈ" యని పలుకుడు. తుమ్మెద రొదచేయుచున్నట్లు వ్రేలిక్రింద నొక అదురు పుట్టును. కంఠధ్వనికి మూలమా అదురే. దీనిని కొండనాలుక పని యని పలువురనుకొందురు గాని, ధ్వని పుట్టుచోటు అంతకు చాల క్రిందనున్నది.

వాయునాళము పైకొనయందు మృదులాస్థులతో నిర్మితమైన చిన్నపెట్టె యొకటి కలదు. దానికి స్వరపేటిక యని పేరు. దాని లోపల ఇరుప్రక్కల, ముందునుండి వెనుకకు, రెండు మడతలు చాచియుండును. వీనిని స్వరతంతువు లందురు గాని, ఇవి వీణతీగలవలె విడిగా బిగించినవి కావు. తేమగల పొరచే కప్పబడిన కండరపు మడతలు. పురుషులలో వీని పొడవు ఇంచుమించు 2 సెంటీమీటర్లు; స్త్రీలలో ఇంకను తక్కువ.

మాటకంటె ముందు ఈ పేటికకు మరియొక పని గలదు, అది కావలి. మనము మ్రింగునపుడు పేటిక పైకిలేచును, నాలుక మొదటనున్న మూత దానిపై వ్రాలును, మడతలు మూసికొనును. అన్నము తినుచు మాటలాడినచో మెతుకు దారితప్పి పొలమారును. ఎవరో తలచుకొనుటవలన నట్లగునని పెద్దలందురు. పాపము, ఆ తలచుకొన్నవారి తప్పిందులో నేమియు లేదు.

ఊపిరి పీల్చునపుడు మడతలు ఎడముగ నుండును. మాటలాడదలచినప్పుడు కండరములు వానిని దగ్గరకు చేర్చును. క్రిందినుండి ఊపిరితిత్తుల గాలి ఒత్తగా అంచులు విడి, కొంత గాలి వెలువడును. వెంటనే మడతల సాగుగుణముచేతను, సందున వడిగ పోవు గాలి ఒత్తిడి తగ్గుటచేతను అవి మరల కలిసికొనును. మరల ఒత్తిడి, మరల విడుట. ఇట్లు పురుషుని గొంతున సెకనుకు 100 మొదలు 130 పర్యాయములును, స్త్రీ గొంతున ఇంచుమించు 200 పర్యాయములును జరుగును. ఒక్కొక్క అదురు ఒక్కొక్క నాడీప్రేరణవలన కలుగునని 1950 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున హుస్సను అను పండితుడు వాదించెను గాని, ఆ వాదము నిలువలేదు. నాడులు మడతలను చేర్చి బిగించుటవరకే, ఆడించునది గాలియే. పిల్లలూదు పీకయు ఇంచుమించు నిట్లే మ్రోగును. గొంతునకును దానికిని తెలుగున నొకే పేరుండుట ముచ్చటగ నున్నది.

తన గొంతున ఈ వింతను చూచి వర్ణించినవాడు వైద్యుడు కాడు, సంగీతోపాధ్యాయుడు. స్పెయిను దేశీయుడగు మాన్యుయెల్ గార్షియా 1854లో దంతవైద్యుల చిన్న అద్దమును నోటిలోనికి చొనిపి, చేతి అద్దముతో సూర్యకాంతిని దానిపైకి త్రిప్పి, తన స్వరతంతువుల ఆటను తానే చూచెను. మరుసటి యేట ఆ వృత్తాంతము లండను రాయల్ సొసైటీకి చేరెను.

పేటికలో పుట్టునది వట్టి నాదమే, అక్షరము కాదు. నోరు, నాలుక, పెదవులు, ముక్కు దానిని తీర్చును. ప, బ లను పలుకునపుడు పెదవుల పని యొక్కటియే. బకారమున మడతలు అదురును, పకారమున అదురవు. మన వ్యాకరణమందలి పరుషసరళ భేదమిదియే. కంఠము తెరచియున్న శ్వాసమనియు, మూసియున్న నాదమనియు మన ప్రాచీన శిక్షాకారులు అద్దమైన లేకయే చెప్పియుండిరి! 1873లో వియన్నా నగరమున బిల్రోతు అను శస్త్రవైద్యుడు రాచపుండు సోకిన స్వరపేటికను పూర్తిగ తీసివేయగా, గుస్సెన్బావరు కల్పించిన కృత్రిమపేటికతో ఆ రోగి మాటలాడగలిగెను. నాదము యంత్రమునుండి వచ్చినను, అక్షరములు వాని నోటివే.

యౌవనారంభమున బాలుర పేటిక త్వరితముగ పెరుగును. మడతలు పొడవై, దళసరియై, గొంతు ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగును. బాలికల గొంతును మారును గాని కొంచెమే. మారిన కొలతకు కండరములు అలవడువరకు, పాఠము చదువుచుండగనే గొంతు జారును, తరగతి నవ్వును, ఆ నవ్వునకు వెరచి కొందరు బాలురు నోరే మెదపరు. ఇది రోగము కాదు. కొన్ని నెలలలోనో, ఏడాదిలోనో గొంతు కుదుటపడును. అంతవరకు పాటలగుంపునుండి వారిని తరిమివేయక, అందిన స్వరములలోనే పాడనిచ్చుట మేలు.

దినదినము అరచుటవలన వచ్చు బొంగురు వేరు. అంచులు ఒండొంటితో నొరసి కాయలు కాయును, ఉపాధ్యాయులకిది తరచు. గొంతునకు విశ్రాంతి నిచ్చినచో పెక్కుసార్లు తగ్గును. మూడు వారములు దాటియు బొంగురు నిలిచినచో మాత్రము వైద్యునిచే గొంతు పరీక్ష చేయించుకొనవలెను. స్వరతంతువులకు రాచపుండు సోకినపుడు మొట్టమొదట కనబడు గురుతు తరచుగ నీ బొంగురే. అప్పుడే కనిపెట్టినచో పేటికను కాపాడుకొనుటకు వీలుండును.