రేడియో ముల్లును నడిపే దారం

మన న్యాల్‌కల్ వైపు కొన్ని ఇళ్ళలో, అటకమీదనో బీరువాపైననో, తాతగారి కాలపు చెక్కపెట్టె రేడియోను మీరు చూసే ఉంటారు. 1935లో హైదరాబాదులో దక్కన్ రేడియో మొదలైంది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు వార్తలనూ పాటలనూ ఊళ్ళకు చేర్చినవి ఇలాంటి పెట్టెలే.

ఈ రేడియోలకు ఒక విచిత్రమైన జబ్బు వస్తుంది. దీపం వెలుగుతుంది, శబ్దం వస్తుంది. కాని నాబ్ ఎంత తిప్పినా ముల్లు కదలదు, స్టేషను మారదు. చెడిపోయిందనుకొని పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తారు. నిజానికి తెగింది గజమో రెండు గజాలో దారం మాత్రమే!

ఆ దారం చేసే పని ఏమిటి? స్టేషనును పట్టేది ముల్లు కాదు, లోపలి గాంగ్ కండెన్సర్. అందులో కదలని రేకులు కొన్ని, ఇరుసుతో తిరిగే రేకులు కొన్ని ఉంటాయి. తిరిగే రేకులు కదలని వాటి సందుల్లోకి పూర్తిగా దూరితే కెపాసిటీ ఎక్కువ, పట్టే పౌనఃపున్యం తక్కువ. కెపాసిటీ 9వ వంతుకు తగ్గితే పౌనఃపున్యం 3 రెట్లవుతుంది. సుమారు 530 నుంచి 1600 కిలోహెర్ట్జ్ వరకు గల మీడియం వేవ్ అంతా ఈ ఇరుసు తిరిగే అరచుట్టులోనే ఇమిడి ఉంది.

ఇరుసును నేరుగా చేత్తో తిప్పితే వెంట్రుకవాసి తేడాకే స్టేషను జారిపోతుంది. అందుకే ఇరుసుకు పెద్ద డ్రమ్ము బిగించి, దానికీ నాబ్ ఇరుసుకూ మధ్య దారం వేస్తారు. డ్రమ్ము వ్యాసం 7.6 సెం.మీ. అనుకోండి. అరచుట్టుకు కదిలే దారం సుమారు 12 సెం.మీ. నాబ్ ఇరుసు చుట్టుకొలత 2 సెం.మీ. అయితే, నాబ్ 6 చుట్లు తిరిగితేనే డ్రమ్ము అరచుట్టు తిరుగుతుంది. ముల్లు కూడా 12 సెం.మీ. నడుస్తుంది.

నున్నటి ఇనుప ఇరుసును దారం ఎలా పట్టుకుంటుంది? కోడె పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పితే పిల్లవాడైనా కోడెను ఆపగలడు కదా! ఘర్షణ గుణకం 0.2 అయితే, ఒక చుట్టు మన బలానికి మూడున్నర రెట్ల లాగుడును ఆపుతుంది. రెండు చుట్లు 12 రెట్లు, మూడు చుట్లు 43 రెట్లు. దారం ఎప్పుడూ బిగువుగా ఉండేలా డ్రమ్ములోని స్ప్రింగు లాగి పట్టుకుంటుంది.

దారం మార్చేముందు ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసేసినా వాల్వు రేడియోలోని పెద్ద కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఆ పని తెలిసిన పెద్దవారే చేయాలి. మీరు పక్కన ఉండి చూడండి.

మొదట పాత దారం నడిచిన దారిని కాగితంపై గీసుకోవాలి. రేకులు పూర్తిగా మూసుకునేలా డ్రమ్మును తిప్పాలి. అల్లిన సన్నని నైలాన్ దారం తీసుకోవాలి. కుట్టుదారం సాగుతుంది, తెగుతుంది. ఒక కొసను డ్రమ్ము కొక్కేనికి కట్టి, నాబ్ ఇరుసుకు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా మూడు చుట్లు చుట్టాలి. చిన్న గిలకల మీదుగా తెచ్చి, రెండో కొసను స్ప్రింగుకు ముడివేయాలి. చివరగా ముల్లు తగిలించాలి.

నేను మొదటిసారి ముల్లును కింది వరుస దారానికి తగిలించాను. స్టేషన్లు 1600 వైపు పోతుంటే ముల్లు 530 వైపు పరుగెత్తింది! బావి గిలకపై ఒక చేద పైకి వస్తే రెండోది కిందికి పోతుంది. ఇదీ అంతే. పై వరుసకు మార్చగానే ముల్లు దారిలో పడింది.

తెలిసిన స్టేషను వినిపించగానే ముల్లును దాని అంకె దగ్గరికి జరిపి, చుక్క జిగురు పెడితే పని పూర్తయినట్టే.

మన జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో 2008లో 90.4 మెగాహెర్ట్జ్‌పై సంగం రేడియో మొదలైంది. ఈ పాత ముల్లు అక్కడికి చేరదు. ఎందుకో ఆలోచించండి. ఇంకొక లెక్క: డయల్‌పై కిలోహెర్ట్జ్ బదులు మీటర్లుంటే, హైదరాబాదు 'ఎ' కేంద్రపు 738 కిలోహెర్ట్జ్‌ను ఎక్కడ వెతకాలి? 3,00,000ను 738తో భాగించి చూడండి!