ఛార్జర్ ఫాస్టే, ఛార్జింగ్ మాత్రం స్లో! కేబుల్ లెక్క ఇలా తేల్చండి

ఛార్జర్ బాగానే ఉంది, ఫోన్ బాగానే ఉంది, అయినా ఛార్జింగ్ సరిగ్గా ఎక్కట్లేదా? అయితే ఓసారి కేబుల్‌ని చెక్ చేయండి. ఒక యూఎస్‌బీ మీటర్, రెండు ఫార్ములాలు చాలు.

రెసిస్టెన్స్ = వోల్టేజ్ ÷ కరెంట్
పవర్ = వోల్టేజ్ × కరెంట్

ఫోన్ ఛార్జ్ అవుతుండగా మీటర్‌ని ముందు ఛార్జర్ దగ్గర, తర్వాత ఫోన్ దగ్గర పెట్టి రీడింగ్ చూడండి. కరెంట్ రెండుసార్లూ ఒకేలా ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది.

ఉదాహరణకు ఛార్జర్ దగ్గర 5.1 వోల్టులు, ఫోన్ దగ్గర 4.6 వోల్టులు, కరెంట్ 2 ఆంపియర్లు అనుకుందాం. అంటే మధ్యలో 0.5 వోల్టు కేబులే తినేస్తోంది.

కేబుల్ రెసిస్టెన్స్: 0.5 ÷ 2 = 0.25 ఓమ్
వేడిగా పోయే పవర్: 0.5 × 2 = 1 వాట్

అదే కేబుల్‌లో 4 ఆంపియర్లు పంపితే? కరెంట్ డబులైతే వేడి నాలుగు రెట్లు, అంటే 4 వాట్లు! అందుకే చాలా ఫాస్ట్ ఛార్జర్లు వోల్టేజ్‌ని 9 వోల్టులకు పెంచుతాయి. 9 × 2 = 18 వాట్లు ఇచ్చినా కేబుల్‌లో పోయేది అదే 1 వాట్.

సన్నగా, పొడుగ్గా ఉండే వైరుకి రెసిస్టెన్స్ ఎక్కువ. కాబట్టి అవసరమైనంత పొడవున్న కేబులే కొనండి. పిన్ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే మాత్రం లెక్కలు వద్దు, ఆ కేబుల్‌ని వెంటనే పక్కన పడేయండి.