హార్డ్ డిస్కు విశ్వసనీయత

ఒక హార్డ్ డిస్కు నిర్ణీత కాలం పాటు చెడిపోకుండా పనిచేసే సంభావ్యతను హార్డ్ డిస్కు విశ్వసనీయత అంటారు. హార్డ్ డిస్కులో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్ళేలు, వాటిపై అతి స్వల్ప ఎత్తులో కదిలే హెడ్లు ఉంటాయి. అందువలన కంప్యూటరు భాగాలలో అరుగుదలకు లోనయ్యే వాటిలో ఇది ముఖ్యమైనది.

వైఫల్య దశలు

యంత్రాల వైఫల్యాన్ని సాధారణంగా స్నానపు తొట్టె ఆకారంలో ఉండే వక్రరేఖతో వివరిస్తారు. దీనిలో మూడు దశలున్నాయి.

* తొలి దశ: తయారీ లోపాలున్నవి కొద్ది నెలల్లోనే చెడిపోతాయి.
* మధ్య దశ: వైఫల్యాలు తక్కువగా, దాదాపు స్థిరంగా ఉంటాయి.
* చివరి దశ: అరుగుదల వలన వైఫల్యాలు మళ్ళీ పెరుగుతాయి.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు 1,00,000 డిస్కుల వివరాలను విశ్లేషించి 2007లో ఫలితాలను ప్రచురించారు. వాటిలో తొలి దశ ప్రభావం స్పష్టంగా కనబడలేదు. డిస్కులను మార్చవలసిన అవసరం మొదటి సంవత్సరాల నుండే క్రమంగా పెరుగుతూ వచ్చింది.

సగటు వైఫల్య కాలం

తయారీదారులు సగటు వైఫల్య కాలాన్ని 10,00,000 గంటలు, అంతకుమించి ప్రకటిస్తుంటారు. ఇది దాదాపు 114 సంవత్సరాలకు సమానం. అయితే ఒక్కొక్క డిస్కు అంతకాలం పనిచేస్తుందని దీని అర్థం కాదు. 1,000 డిస్కులను ఏడాది పాటు (8,760 గంటలు) నిరంతరం నడిపితే సుమారు 9 చెడిపోతాయని మాత్రమే అర్థం. పై అధ్యయనంలో ఏటా 2 నుండి 4 శాతం డిస్కులను మార్చడం సాధారణంగా కనిపించింది. కొన్నిచోట్ల ఇది 13 శాతం వరకు ఉంది.

ముందస్తు సూచనలు

డిస్కు తన స్థితిని తానే గమనించుకునే ఏర్పాటును స్మార్ట్ అంటారు. గూగుల్ సంస్థ పరిశోధకులు 1,00,000కు పైగా డిస్కులపై చేసిన అధ్యయనం కూడా 2007లోనే వెలువడింది. మొదటి స్కాన్ దోషం నమోదైన డిస్కు తరువాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, దోషం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అయితే చెడిపోయిన డిస్కులలో 56 శాతం వాటిలో నాలుగు ప్రధాన సూచనలలో ఏ ఒక్కటీ కనిపించలేదు. కాబట్టి సూచన లేకపోవడం భద్రతకు హామీ కాదు.

వారంటీ

వారంటీ గడువు డిస్కు ఆయుర్దాయానికి కొలమానం కాదు. అది వ్యాపార నిర్ణయం కూడా. 2002లో సీగేట్, మాక్స్‌టర్, వెస్టర్న్ డిజిటల్ సంస్థలు పలు డిస్కుల వారంటీని మూడేళ్ళ నుండి ఏడాదికి తగ్గించాయి. 2004లో సీగేట్ దానిని ఐదేళ్ళకు పెంచింది. 2011 డిసెంబరులో సీగేట్, వెస్టర్న్ డిజిటల్ పలు రకాలపై మళ్ళీ తగ్గింపు ప్రకటించాయి.

వారంటీ కింద సాధారణంగా వేరొక డిస్కు లభిస్తుంది గాని పోయిన సమాచారం తిరిగి రాదు. అందువలన ముఖ్యమైన ఫైళ్ళ ప్రతిని వేరొక డిస్కులోనో, వేరొక చోటనో కూడా భద్రపరచడం అవసరం.