పాలు తీసే పంపు – బిల్లు మీది నంబరు

ఈ పూట వంటల గురించీ కాదు, కుట్లు అల్లికల గురించీ కాదు. తల్లిపాలు తీసే కరెంటు పంపు గురించి, దాని బిల్లు మీద ఒక మూల చిన్న అక్షరాలతో ఉండే నంబరు గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నంబర్లూ పన్నులూ మగవాళ్ళ గొడవ అని రేడియో కట్టెయ్యకండి. డబ్బు పోయేది మన ఇంటి ఖర్చులోంచే కదా!

మా జహీరాబాదులో పక్కింటి కోడలికి 2025 కార్తీకమాసంలో నెలలు నిండకుండానే కాన్పయింది. పెద్దాపరేషను. బిడ్డ బరువు తక్కువని హైదరాబాదు తీసుకుపోయారు. తల్లి ఇక్కడ మంచం మీద, బిడ్డ నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన అద్దాల పెట్టెలో. "తల్లిపాలు పంపండి, దానికి మించిన మందు లేదు" అని అక్కడి డాక్టరమ్మ కబురు చేసింది. నోట పాలు తాగే బిడ్డ దగ్గర లేకపోతే పాలు నిలవవు. రెండు మూడు గంటలకొకసారి, రాత్రీ పగలూ కలిపి ఎనిమిది సార్లయినా తీస్తూ ఉండాలి.

కరెంటు పంపు కొనాలన్న మాట వినగానే వాళ్ళ అత్తమ్మ, "పంపా? బోరుబాయిల దించేదా?" అన్నది. అంత దిగులులోనూ అందరం నవ్వాం. ఆవిడ మాటలో ఎంత న్యాయం ఉందో నాకు తరవాత తెలిసింది.

మొదట తెచ్చిన పంపు నాలుగు రోజులకే నీరసించింది. దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోమన్నారు. ఇంకోటి తెప్పించారు. ఆ అమ్మాయి రెండు బిల్లులూ పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "అక్కా, పని ఒక్కటే గదా, గీ నంబర్లు వేరేగ ఉన్నయేంది? ఒకదానికి పన్ను 5, ఒకదానికి 18 ఏసిండ్రు" అని అడిగింది. ఒక బిల్లు మీద 9018, రెండోదాని మీద 8414. ఎనిమిది వేల రూపాయల సరుకనుకోండి. మొదటి లెక్కన పన్ను 400, రెండో లెక్కన 1,440. ఆ వెయ్యి నలభై తేడా కేవలం ఒక నంబరు వల్ల!

ఈ నంబర్లు ఎక్కడివంటే – ప్రపంచంలోని సరుకులన్నింటికీ కస్టమ్స్ వాళ్ళకి ఒక పెద్ద పట్టిక ఉంది. దేశదేశాలకీ ఒకే పట్టిక ఉండాలని చేసిన ఈ ఏర్పాటు 1988లో అమల్లోకి వచ్చింది. మన దేశం 1975 నాటి కస్టమ్స్ సుంకాల చట్టంలో 1986లోనే ఆ పద్ధతి ప్రవేశపెట్టింది. మన వంటింట్లో పోపులపెట్టె ఉంటుంది చూడండి, ఆవాలకొక గిన్నె, జీలకర్రకొక గిన్నె. అలాగన్నమాట. మొదటి రెండంకెలు అధ్యాయం, తరవాతి రెండూ అందులోని శీర్షిక. సరుకు ఏ గిన్నెలో పడితే ఆ గిన్నె సుంకం దానికి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అవే నంబర్లు మన దుకాణం బిల్లుల మీదికి కూడా వచ్చాయి.

మరి పాల పంపు ఏ గిన్నెలోది? ఇక్కడే ఉంది తిరకాసు.

84వ అధ్యాయం యంత్రాలది. అందులో 8413 ద్రవాలను తోడే పంపులకు. బోరుబావి మోటారు ఉండేది సరిగ్గా అక్కడే. చూశారా, అత్తమ్మ ఏమన్నదో! పాలూ ద్రవమే కనుక ఇదీ అందులోదే అనవచ్చు. కాని పంపు విప్పి చూస్తే సంగతి వేరు. మోటారు లాగేది పాలను కాదు, గాలిని. గొట్టంలో గాలి తగ్గించి, వదిలి, మళ్ళీ తగ్గిస్తుంది. బిడ్డ చప్పరించినట్టుగా ఆ ఒత్తిడికి పాలు దిగి సీసాలో పడతాయి. మోటారులోకి ఒక్క చుక్కయినా పోదు, పోకూడదు కూడా. అందుకని గాలిపంపులు, వాక్యూమ్ పంపులు ఉండే 8414లో పెట్టాలని ఇంకొకరి వాదన. ఇంట్లో వాడుకునే చిన్న మోటారు సామానే కదా, మిక్సీతో పాటు 8509లో పడెయ్యండి అన్నా ఆశ్చర్యం లేదు.

ఇక 9018 వైద్య పరికరాల శీర్షిక. యంత్రాల విభాగానికి ఒక నిబంధన ఉంది: 90వ అధ్యాయానికి చెందే వస్తువేదీ 84లోకి గానీ 85లోకి గానీ రాదు. అంటే ముందు తేల్చుకోవలసింది ఇది వైద్య పరికరమా కాదా అన్నదే. ఔనంటే మిగతా వాదనలన్నీ అక్కడితో సరి. ఈ శీర్షికకు రాసిన వివరణలో, ఇందులోవి చాలామటుకు వృత్తిలో ఉన్నవాళ్ళే వాడేవి అని చెప్పి, డాక్టర్లూ సర్జన్లతో పాటు మంత్రసానులను కూడా లెక్కవేశారు. ఆసుపత్రిలో నర్సమ్మ పెట్టే పెద్ద పంపుకి ఇది బాగానే నప్పుతుంది. ఇంట్లో తల్లి తనంతట తానే పెట్టుకునే పంపు దగ్గరకొచ్చేసరికి మాట బిగుస్తుంది.

ఇంకో విచిత్రం వినండి. రబ్బరు బుడ్డి తగిలించిన గాజు గొట్టం ఒకటి పూర్వం వాడేవారు. దానికి పట్టికలో ఏ అనుమానమూ లేదు. 7017, గాజు సామాను! ప్రయోగశాల గాజు సీసాలు, కళ్ళు కడిగే గాజు గిన్నెలు ఉన్న చోట దాన్నీ పేరు పెట్టి చెప్పారు. డాక్టరు సాయం అక్కర్లేకుండా వాడుకునేది అని కారణం. గాజు పంపుకి పేరు దొరికింది, కరెంటు పంపుకి దొరకలేదు. అది అంత కొత్తదేమీ కాదు. ఎడ్వర్డ్ లాస్కర్ అనే ఇంజనీరు (ఈయన పేరున్న చదరంగం ఆటగాడు కూడా) 1920లలోనే యంత్రపు పంపుకి పేటెంటు తీసుకున్నాడు. స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ తల్లికి నొప్పి కలగని ఒత్తిడి ఎంతో పరిశీలించి 1956లో మెరుగైన పంపు చేశాడు. చాలాకాలం అవి ఆసుపత్రుల్లోనే ఉండేవి, ఇళ్ళలోకి బాగా వచ్చింది 1990లలో.

ఇది వైద్యమా, సౌకర్యమా అన్న తగవు మనదొక్కటే కాదు. అమెరికాలో ఆదాయపు పన్ను వాళ్ళు పాల పంపు ఖర్చును వైద్య ఖర్చుగా 2010లో ఒప్పుకోలేదు. 2011 ఫిబ్రవరిలో ఒప్పుకున్నారు. ఆ కొద్ది నెలల్లో పంపూ మారలేదు, తల్లులూ మారలేదు. నన్నడిగితే, నెలలు నిండని బిడ్డకు పాలు పంపే పనిముట్టును వైద్య పరికరం కాదనడానికి నోరెలా వస్తుందో నాకు తెలియదు.

అయితే వైద్య పరికరం అనిపించుకుంటే అంతా లాభమే అనుకోకండి. 9018 కింద జీఎస్టీ 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5కి దిగింది. నిజమే. కాని 2020 బడ్జెట్టులో విదేశాల నుంచి వచ్చే వైద్య పరికరాల మీద, 9018 నుంచి 9022 వరకు, 5 శాతం ఆరోగ్య సెస్సు వేశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకోవడం!

బిల్లు మీది నంబరు దుకాణదారు సొంతంగా వేసింది అయి ఉండదు. సరుకు దింపుకున్న వర్తకుడు ఓడరేవులో ఏ నంబరు రాశాడో అదే చేతులు మారుతూ మనదాకా వస్తుంది. అనుమానం ఉన్న వర్తకుడు ముందుగానే అడిగి తీర్పు తెచ్చుకోవచ్చు. అందుకోసం 2021 నుంచి ఢిల్లీలో, బొంబాయిలో అధికారులున్నారు. మనం చెయ్యగలిగింది, కొనేముందు రెండుచోట్ల పన్నుతో కలిపి ధర అడగడం. అమెరికా నుంచి వచ్చే ఆడబిడ్డ తన పెట్టెలో తెస్తే ఈ అధ్యాయాల గొడవే లేదు, అది ప్రయాణికుల సామాను లెక్కలోకి పోతుంది.

పంపు కొనేటప్పుడు పాలు మోటారు వైపు పోకుండా మధ్య అడ్డుపొర ఉన్నదే చూసుకోండి. రొమ్ముకు ఆనించే గరాటు సైజు సరిపోకపోతే పుండ్లు పడతాయి. నొప్పి పుడితే ఆపి సైజు మార్చాలి గాని ఓర్చుకోకూడదు. పాలు తగిలే భాగాలు ప్రతిసారీ సబ్బునీళ్ళతో కడిగి, పసిబిడ్డ విషయంలో రోజుకొకసారైనా మరగబెట్టాలి. కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు ముర్రుపాలు చుక్కలు చుక్కలుగానే వస్తాయి, అవి పంపు గోడలకే అంటుకుపోతాయి. అప్పుడు శుభ్రంగా కడుక్కున్న చేత్తో గిన్నెలోకి పిండటమే మేలు. తీసిన పాలు 25 డిగ్రీల లోపు చల్లదనంలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఐసు ప్యాకెట్ల పెట్టెలో ఒక రోజు ఉంటాయి. మన ఎండాకాలం 25 డిగ్రీల మాట మరిచిపొండి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఆసుపత్రిలో ఉన్న బిడ్డకైతే వాళ్ళు చెప్పిన గడువే లెక్క. పట్టడానికి సీసా ఎందుకు, మన ఉగ్గుగిన్నె ఉంది కదా. ఎంత చేసినా పాలు పడని తల్లి బెంగపడక్కర్లేదు, హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు పెట్టారు.

మా పక్కింటి ఐసు పెట్టె రోజూ పొద్దున్నే తొలి బస్సులో హైదరాబాదు పోయేది, సాయంత్రానికి ఖాళీ పెట్టె తిరిగి వచ్చేది. ఇరవైనాలుగో రోజున పెట్టెకు బదులు బిడ్డే వచ్చింది. ఆ రెండు బిల్లులూ ఆ అమ్మాయి బీరువాలో భద్రంగా ఉన్నాయి.