నారుమడిలో ఎన్నాళ్లు?

అన్నీ మనకంటే చౌకగా తయారుచేసే దేశంతో వ్యాపారం పెట్టుకుంటే మనకేం మిగులుతుంది? చైనా వస్తువుల మీద సుంకాల మాట వచ్చిన ప్రతిసారీ చదువుకున్నవాళ్లు కూడా ఈ ప్రశ్న వేసి, దీనికి జవాబు లేదన్నట్టు ఊరుకుంటారు. జవాబు 1817లోనే వచ్చింది. లండన్ షేర్ మార్కెట్‌లో డబ్బు గడించి అర్థశాస్త్రం వైపు మళ్లిన డేవిడ్ రికార్డో నాలుగు అంకెలతో దాన్ని తేల్చాడు. ఆ అంకెలు తెలియకుండా స్వేచ్ఛా వాణిజ్యాన్ని తిట్టడం ఎంత తప్పో, వాటి దగ్గరే ఆగిపోయి రక్షణ సుంకాలన్నీ మూర్ఖత్వమనడమూ అంతే తప్పు. మనం తగువులాడుకోవాల్సింది సుంకం ఉండాలా వద్దా అని కన్నా, ఉంటే ఎన్నాళ్లుండాలి అని.

ముందు ఆ లెక్క చూద్దాం. కొంత బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో ఏడాదికి 100 మంది కావాలి, కొంత వైన్ చేయడానికి 120 మంది కావాలి అనుకోమన్నాడు రికార్డో. పోర్చుగల్‌లో అంతే బట్టకు 90 మంది, అంతే వైన్‌కు 80 మంది చాలు. అంటే పోర్చుగల్‌ది రెండింటిలోనూ పైచేయి. అయినా ఇంగ్లండ్ తన 100 మంది నేసిన బట్టను ఓడకెక్కించి, బదులుగా వైన్ తెచ్చుకుందనుకోండి. సొంతంగా చేసుకుంటే 120 మంది చెమటోడ్చాల్సిన వైన్ 100 మంది కష్టంతోనే వచ్చింది. ఇరవై మంది వేరే పనికి మిగిలారు. అటు పోర్చుగల్ 80 మంది చేసిన వైన్ ఇచ్చి, 90 మంది నేయాల్సిన బట్ట తెచ్చుకుంది. అక్కడా పది మంది మిగిలారు. ఎవరి నోటి దగ్గర కూడూ ఎవరూ లాక్కోలేదు. ఏ దేశమైనా తన పనిని పక్క దేశం పనితో కాకుండా, తనే చేయగల మరో పనితో పోల్చుకోవాలి. అన్నిటా వెనకబడిన దేశానికి కూడా తక్కువ వెనకబడిన పని ఒకటి ఉండే తీరుతుంది. రికార్డోకు కోపం తెప్పించింది ఇంగ్లండ్‌లో వచ్చిన 1815 ధాన్యచట్టం. క్వార్టరు (అక్కడి ధాన్యపు కొలత) గోధుమల ధర 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమలు అమ్మకానికి రాకుండా ఆ చట్టం అడ్డుకుంది. లాభపడింది భూస్వాములు, రొట్టెకు ఎక్కువ చెల్లించింది పేదలు. చట్టం 1846లో రద్దయింది, అప్పటికి రికార్డో పోయి 23 ఏళ్లు.

అయితే ఆ 100, 120, 90, 80 ఎక్కడి నుంచి వచ్చాయి? వైన్ సంగతి కొంతవరకు ఎండా నేలా చూసుకుంటాయి. బట్ట అలా కాదు. నేతపని నేర్చుకుంటే వస్తుంది, చేయగా చేయగా మెరుగవుతుంది. ఈ ఏడాది 100 మంది చేసే పని పదేళ్ల తర్వాత 60 మంది చేయవచ్చు. రికార్డో లెక్క ఇవాళ్టి నైపుణ్యాన్ని స్థిరంగా తీసుకుంటుంది. నైపుణ్యం ఎలా పుడుతుందో దానికి పట్టదు. ఆ సంగతిని గట్టిగా పట్టుకున్నవాడు జర్మన్ రచయిత ఫ్రెడరిక్ లిస్ట్. 1841లో వచ్చిన ఆయన గ్రంథం సారం మన వరి రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. విత్తనాన్ని నేరుగా పొలంలోకి విసిరితే కలుపుతో పోటీపడలేదని నారుమడి కడతాం. అక్కడ నీళ్లు ఎక్కువ, కాపలా ఎక్కువ, పిట్టల్ని తోలడానికి మనిషి ఎక్కువ. ఆ ఖర్చంతా మిగిలిన పొలమే భరించాలి. స్వల్పకాలిక రకాన్ని మూడు వారాలకు, దీర్ఘకాలిక రకాన్ని నెలకు పీకి నాటుతాం. అంతకు మించి ఉంచితే నారు ముదురుతుంది. ముదురు నారు నాటినా పిలకలు సరిగా వేయదు. నారుమడిలోనే పంట తీస్తానన్న రైతు ఏ ఊళ్లోనూ ఉండడు. రక్షణ సుంకం గురించి ఇంతకన్నా పెద్ద సూత్రం నాకు తెలియదు.

ఇంగ్లండ్ స్వేచ్ఛా వాణిజ్యంతోనే పెరిగిందన్న నమ్మకం చరిత్ర ముందు నిలవదు. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు లండన్‌ను ఊపేశాయి. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడితో 1700లో ఆ బట్టల దిగుమతిని నిషేధించారు. 1721లో అద్దకం నూలుబట్ట కట్టుకోవడమే నేరమైంది. నిజానికి ఆ చట్టాలు ఉన్ని, పట్టు పరిశ్రమల కోసం చేసినవి. కానీ మన బట్ట రాని ఆ చోటులోనే ఇంగ్లండ్ నూలు పరిశ్రమ వేళ్లూనింది. దేశవాళీ నూలుబట్ట మీద నిషేధం ఎత్తేసింది 1774లో, ఆర్క్‌రైట్ వడికే యంత్రానికి పేటెంటు పొందిన ఐదేళ్లకు. మరో రెండేళ్లకు స్వేచ్ఛా వాణిజ్యం గురించి తన మహాగ్రంథం వెలువరించిన ఆడమ్ స్మిత్, తర్వాత స్కాట్లండ్‌లో కస్టమ్స్ కమిషనర్ అయ్యాడు. నిషిద్ధ వస్తువుల జాబితా చదివి తన మెడపట్టీలు, చేతిరుమాళ్లలో చాలావరకు ఆ జాబితాలోవేనని గ్రహించి తగలబెట్టానని 1780లో ఉత్తరం రాశాడు. అమెరికాలో ఆర్థికమంత్రి హామిల్టన్ 1791లోనే కొత్త పరిశ్రమలకు రక్షణ కోరాడు. అంతర్యుద్ధం తర్వాత అక్కడ సుంకం పడే సరుకుల మీద రేటు దశాబ్దాల పాటు దాదాపు 40 నుంచి 50 శాతం.

సుంకాలు ఉన్నప్పుడు పెరిగిందంటే సుంకాల వల్లే పెరిగిందని కాదు కదా అంటారు. న్యాయమైన అభ్యంతరమే. అమెరికాకు విశాలమైన సొంత మార్కెట్ ఉంది, గనులున్నాయి, లక్షలాదిగా వలస వచ్చిన శ్రామికులున్నారు. మడి కట్టినంత మాత్రాన నారు రాదు, విత్తనం ఉండాలి. ఇంకా బలమైన అభ్యంతరం మన దేశానిదే. 1991కి ముందు మన దగ్గర కొన్ని సరుకుల మీద సుంకం 300 శాతం దాటింది. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు జనం. మడి దాటని పరిశ్రమ యజమానికి అక్కడే హాయిగా ఉంటుంది. పీకబోయిన ప్రతి ప్రభుత్వం దగ్గరికీ వెళ్లి ఇంకొక్క వారం అంటాడు. ఇది లిస్ట్‌ను ఓడించే వాదన కాదు. రక్షణ తాత్కాలికమే కావాలని, ధాన్యానికి అది తగదని ఆయనే అన్నాడు.

లిస్ట్ తప్పిన చోటు వేరు. ఉష్ణదేశాలకు పరిశ్రమలు సరిపడవు, ముడిసరుకు పంపడమే వాటి పని అనుకున్నాడాయన. 1892లో పుణెలో మహాదేవ గోవింద రనడే ఆ పని విభజనను తోసిపుచ్చి, మిగతా వాదనను మన దేశానికి అన్వయించాడు. అప్పటికి పదేళ్ల క్రితమే, 1882లో, ఇక్కడి దిగుమతి సుంకాలు దాదాపు అన్నీ ఎత్తేశారు. 1896లో మన మిల్లు బట్ట మీద మూడున్నర శాతం ఎక్సైజు కూడా వేశారు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు ఇబ్బంది కలగకూడదని చేసిన పని అది. చివరికి 1921లో వేసిన ఫిస్కల్ కమిషన్ రక్షణకు మూడు షరతులు పెట్టింది: పరిశ్రమకు సహజ వనరులుండాలి, రక్షణ లేకుండా ఎదగలేని స్థితి ఉండాలి, ఏనాటికైనా రక్షణ లేకుండా ప్రపంచపు పోటీకి నిలవగలగాలి. ఆ కొలతతోనే 1924లో ఉక్కుకు రక్షణ చట్టం వచ్చింది, గడువు మూడేళ్లు. 1927లో మళ్లీ విచారణ జరిపి ఏడేళ్లు పొడిగించారు. బ్రిటిష్ ఉక్కుకు తక్కువ రేటు పెట్టి అందులోనూ పక్షపాతం చూపారు, దాన్ని సమర్థించను. అయినా ఆ చట్టంలో, నారు పీకే రోజు తేదీతో సహా రాసి ఉంది.