డీజిల్‌లో బయోడీజిల్ ఎంతుందో కాంతి ఎలా చెబుతుంది?

హైదరాబాద్ పాతబస్తీలో సమోసాలు, లుఖ్మీలు వేగే కడాయి చూశారా? నూనె కాగి కాగి నల్లబడుతుంది. అందులో నూనె చెడేకొద్దీ పెరిగే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వంటకు వాడకూడదని 2018 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. అలాంటి నూనెను మోరీలో పారబోయడం తప్పు. మిథనాల్‌, కాస్త క్షారం ఆ నూనెకు కలిపి చర్య జరిపితే బయోడీజిల్, గ్లిజరిన్ వస్తాయి. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం.

కలిపాక ఎంతుందో కంటితో చెప్పలేం. మోతాదు మించితే పాత ఇంజన్లలో రబ్బరు గొట్టాలు దెబ్బతినొచ్చు. అందుకే కొలవాలి.

బయోడీజిల్ అణువులో కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య ఒక ద్విబంధం ఉంటుంది. అది స్ప్రింగులా కంపిస్తూ, సుమారు 5.7 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. మామూలు డీజిల్‌లో దాదాపు అన్నీ కార్బన్, హైడ్రోజన్‌లే కాబట్టి ఆ కాంతి చాలావరకు దాటిపోతుంది. ఎంత కాంతి తగ్గితే అంత బయోడీజిల్ ఉన్నట్టు!

ముందుగా 5, 10, 20 శాతం కలిపిన నమూనాలు పరీక్షించి గ్రాఫ్ గీస్తారు. తెలియని నమూనాను సైక్లోహెక్సేన్‌లో పలుచన చేసి, దాని కొలతను ఆ గీతతో సరిచూస్తారు.

ఒక్క చిక్కుంది. మార్చని వంటనూనెలోనూ అదే ద్విబంధం ఉంటుంది. దాన్ని నేరుగా డీజిల్‌లో కలిపేస్తే ఈ పరీక్ష బయోడీజిలే అనుకోవచ్చు. అందుకే అనుమానం వస్తే, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీతోనూ పరీక్షించాలి.