పెరటి తోటకు రూబార్బ్: ఏ రకము ఎన్నుకొనవలెను?

మన చుక్కకూరకు చలిదేశములలో ఒక పెద్ద చుట్టము కలదు. దాని పేరు రూబార్బ్. రెండును పాలిగోనేసి కుటుంబమునకు చెందినవే. వైద్యులు విరేచనకారిగా వాడు రేవలచిన్ని కూడ రూబార్బ్ ప్రజాతికి చెందిన మొక్కల వేరే. అయితే ఒక భేదమును మొదటనే గుర్తుంచుకొనవలెను. చుక్కకూరలో మనము ఆకును తిందుము. రూబార్బ్‌లో తినదగినది ఆకుకాడ, అనగా పత్రవృంతము, మాత్రమే. పత్రదళము విషము.

పత్రదళములో ఆక్సాలిక్ ఆమ్లమును దాని లవణములును అధికముగా నుండును. ఈ ఆమ్లము రక్తములోని కాల్షియముతో కలిసి, నీటిలో కరుగని కాల్షియం ఆక్సలేటుగా మారి, మూత్రపిండములకు హాని చేయును. ఈ చర్యను ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును. సున్నపు తేటలో కొద్దిగా ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణమును కలిపినచో తెల్లని అవక్షేపము ఏర్పడును. ఆమ్లము విషము గనుక దానిని విద్యార్థుల చేతికీయరాదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో ఆహారపు కొరత వలన రూబార్బ్ ఆకును కూరగా వాడవచ్చునని సలహా లిచ్చిరి. దానిని పాటించినవారిలో కొందరు విషబాధకు లోనైరి. మరణములు కూడ సంభవించినవి. నేడు విదేశములలోని తెలుగువారిలో గోంగూరకు బదులు రూబార్బ్ కాడతో పప్పు, పచ్చడి చేసికొనువారు కలరు. పుల్లని ఆకు కనబడిన కూర వండుట మన అలవాటు గనుక ఈ హెచ్చరిక వారికి మరింత అవసరము.

ఇక రకముల ఎన్నిక. మొదట చూడవలసినది రంగు కాదు, చలి. శీతకాలమున ఆకులు ఎండిపోయి, మొక్క నేలలోని మొదలునందు సుప్తావస్థలో నుండును. కొన్ని వారములు చలి సోకినగాని మొగ్గలు మేల్కొనవు. శీతకాలపు సగటు ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీల సెల్సియసుకు దిగువనుండి, వేసవి సగటు 24 డిగ్రీలు మించని చోట్ల ఈ మొక్క బాగుగా పెరుగును. అందువలన మన మైదానములలో ఇది ఏండ్ల తరబడి నిలువజాలదు. ఇంగ్లండు, కెనడా, ఉత్తర అమెరికా సంయుక్త రాష్ట్రములు దీనికి తగిన చోట్లు.

చలి కొంత తక్కువైన చోట్లకు ‘టింపర్లీ ఎర్లీ’ తగినది. అది తక్కువ చలికే మేల్కొని, అన్నింటికంటె ముందుగా కాడలనిచ్చును. ఎక్కువ దిగుబడి కావలెనన్న ‘విక్టోరియా’ మేలు. 1837లో వెలువడిన ఈ పాత రకము కాడలు మొదట ఎరుపుగా, పైన పచ్చగా నుండును. దీనిలో పూకాడలు విరివిగా వచ్చును. వానిని వెంటనే తీసివేయవలెను. లేనిచో ఆహారమంతయు గింజకే పోవును. ఎర్రని కాడలను కోరువారికి ‘కెనడా రెడ్’, ‘వాలెంటైన్’ రకములు కలవు. వీనిలో పూకాడలు తక్కువ.

ఎరుపు ఎక్కువైనచో తీపి ఎక్కువని పలువురు తలంతురు. ఇది సరికాదు. ఎరుపునకు కారణము ఆంథోసయనిన్ అను వర్ణకము. పులుపునకు కారణము ఆమ్లములు. ఒకటి రెండవదానికి కొలత కాదు. పచ్చకాడల రకములు పెక్కింటిలో దిగుబడి అధికము.

గింజనుండి పెంచిన మొక్కలు తల్లిని పోలియుండవు. కావున ఎన్నుకొన్న రకము మారకుండుటకు మొదలును మొగ్గతో సహా చీల్చి నాటవలెను. మొక్కకు మొక్కకు సుమారు ఒక మీటరు ఎడము కావలెను. నీరు నిలిచిన మొదలు క్రుళ్లును. నాటిన మొదటి సంవత్సరము కాడలు కోయరాదు; రెండవ యేట కొద్దిగా కోయవచ్చును. తరువాత కూడ ఒకేసారి సగమునకు మించి తీయరాదు. మిగిలిన ఆకులు తయారు చేసిన ఆహారమే మొదలులో నిలువయై, మరుసటి వసంతమున చిగుళ్లకు ఆధారమగును.

కాడలో కూడ కొంత ఆక్సలేటు కలదు గనుక మూత్రపిండములలో రాళ్లు గలవారు మితముగా తినవలెను. ఆమ్లము అల్యూమినియమును కొంత కరగించును. కాబట్టి దీనిని స్టీలు గిన్నెలో వండవలెను. పులుసునకు రాచిప్పను వాడిన మన పెద్దల పద్ధతిలోని శాస్త్రము ఇదియే.